కళ్ళు మూసుకుని ఎత్తిన చెయ్యి

క్రిందటి వారం వదినని ఓడించి, మెట్ల దగ్గర ఒంటరిగా నిలబెట్టి, మన దారిన మనం వెళ్ళిపోయాం. ఈ వారమంతా మీరు మీ పనులు చూసుకున్నారు, నేను నావి చూసుకున్నాను. ఆవిడ మాత్రం ఇంకా అక్కడే ఉంది. వాద్యబృందాన్ని ముందుండి నడిపే మొదటి కుర్చీ ఒక్క చెయ్యి తేడాతో చేజారి, తన దగ్గర వయొలిన్ నేర్చుకున్న శిష్యురాలికి దక్కింది. లేచిన చేతుల్లో ఒకటి తన భర్తది. ఆ చెయ్యి లేవకపోతే కుర్చీ పోయేది కాదు. ఆ సంగతి వదినకి తెలియడానికి వీల్లేదు, కానీ తెలిసింది. ఎందుకంటే ఆవిడ కళ్ళు తెరిచింది.

కళ్ళు తెరిస్తే ఏమవుతుందని కొత్తగా చదివేవాళ్ళు అడుగుతారు. చెబుతాను. ఈ బృందానికి కండక్టర్ లేడు. టికెట్లు కొట్టేవాడి సంగతి కాదు నేను చెప్పేది, ముందు నిలబడి పుల్ల ఊపేవాడి సంగతి. అలాంటివాడొకడు వెనకటికి వీళ్ళని రిహార్సల్లో నోటికొచ్చినట్టు తిడితే, వదిన లేచి వయొలిన్ పెట్టెలో పెట్టుకుని బయటికి నడిచింది. ఆవిడ వెనకాల ఇంకొందరు నడిచారు. తలా ఒక దేశం, తలా ఒక భాష. మూతపడ్డ సబ్బుల ఫ్యాక్టరీ ఒకటి వెతుక్కుని, ఇక మనల్ని మనమే ఏలుకుందాం అనుకున్నారు. ఏం వాయించాలి, ఎవరితో కలిసి పనిచెయ్యాలి, ఎవరు ముందు కూర్చోవాలి, అన్నిటికీ ఓటే. కుర్చీలు గుండ్రంగా వేసుకుని, అందరూ కళ్ళు మూసుకుని, చేతులెత్తుతారు. ఫ్యాక్టరీ తాళాలు చూసే ఆవిడ లెక్కపెట్టి చెబుతుంది. ఎవరు ఎవరికి అడ్డు చెప్పారో తెలియదు కాబట్టి ఓటయ్యాక అందరూ కలిసే కాఫీ తాగుతారు. మధ్యలో ఎవరైనా కళ్ళు తెరిస్తే ఆ ఓటు చెల్లదు, తెరిచినవాళ్ళకి బృందంలో చోటుండదు. ఈ నియమం పెట్టింది కూడా వదినే. తన గొయ్యి ఎంత చక్కగా తవ్వుకుందో చూడండి.

వదిన అన్న పిలుపు వయోలా వాయించే మరిది నోటి నుంచి బృందమంతా పాకింది. పై దేశాల వాళ్ళు చాలాకాలం అదేదో మొదటి వయొలిన్ వాళ్ళకిచ్చే బిరుదనుకున్నారు. ఆవిడ భర్త మనిషికన్నా ఎత్తుండే డబుల్ బాస్ వాయిస్తాడు. మరిది పిలిచినట్టే అందరూ ఆయన్ని ఎదురుగా అన్నయ్య అంటారు, చాటున స్తంభం అంటారు. ఆయనా ఆయన వాయిద్యమూ పక్కపక్కన నిలబడితే, రెండింటిలో ఏది తక్కువ మాట్లాడుతుందో చెప్పడం కష్టం.

స్తంభం వాయిద్యాల గదిలో ఉన్నాడు. ఒకప్పుడు సబ్బులు ఆరబెట్టిన గది అది. తడి పట్టకుండా గోడలకి మందపాటి గుడ్డ కొట్టారు. పెద్ద పెట్టెలు గోడకి ఆనించి వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఆయన బాస్ తీగల మీద పేరుకున్న, కమానుకి రాసే రోజిన్ పొడిని మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు. వదిన మెట్ల దగ్గర నుంచి లోపలికొచ్చి తలుపు వేసింది.

"చెయ్యి నొప్పెట్టలేదా?" అంది.

"దేనికి?"

"పైకెత్తావుగా. అంత బరువైనది ఎత్తడం నీకలవాటు లేదు."

ఆయన తుడవడం ఆపలేదు. "కళ్ళు తెరిచావన్నమాట," అన్నాడు.

"తెరిచాను. వెళ్ళి చెప్పు. మళ్ళీ ఎత్తొచ్చు, ఈసారి నన్ను బయటికి పంపడానికి."

"ఎందుకు తెరిచావు?"

"నేను అడగాల్సింది నువ్వు అడుగుతున్నావేంటి?"

"చెప్పవే. ఎందుకు తెరిచావు?"

ఆయన 'వే' అన్నది చాలారోజులకి. కోపంలో కూడా ఆ చిన్న మాట వదిన మనసుని కాస్త తడిపింది. తడిపినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

"చప్పుడు సరిపోలేదు," అంది.

ఆ మాట ఆ బృందంలో వాళ్ళకే అర్థమవుతుంది. కళ్ళు మూసుకున్నా చెవులు మూసుకోమని నియమం లేదు కదా. చెయ్యి లేస్తే చొక్కా గుడ్డ రాసుకుంటుంది, కుర్చీ కిర్రుమంటుంది. రోజంతా చెవులతో బతికే మనుషులు కాబట్టి, తాళాలావిడ లెక్క చెప్పకముందే ఓటు ఎటు పోయిందో అందరికీ దాదాపుగా తెలిసిపోతుంది. అది తప్పని ఎవరూ అనుకోరు.

"శిష్యురాలికి కుర్చీ ఇవ్వాలనేవాళ్ళు చెయ్యెత్తండి అన్నారు. ఏవో రెండు మూడు చేతుల చప్పుడు వినపడింది, అంతే. గెలిచాననుకున్నాను. ఇంత సులువుగా ఎలా గెలిచానా అని తెరిచాను. తెరిస్తే ఎదురుగా నువ్వు, కళ్ళు గట్టిగా మూసుకుని, చెయ్యి చెవి దాకా లేపి. బళ్ళో జవాబు తెలిసిన పిల్లాడిలాగా."

స్తంభం చేతిలో గుడ్డ ఆగింది.

"ఎవరి చప్పుడు వినపడింది?"

"ఇప్పుడదెందుకు?"

"చెప్పు."

"చెల్లో వాయించేవాళ్ళిద్దరూ. ఓబో ఊదే ఆవిడ."

"వాళ్ళు ముగ్గురూ నీకు కుడిపక్కన కూర్చున్నారు."

"అయితే?"

"నీ ఎడమ పక్కన కూర్చున్నవాళ్ళు దాదాపు అందరూ ఎత్తారు, నేను విన్నాను. నీ మరిది కుర్చీ ఎలా అరుస్తుందో నీకు తెలుసు. అది కూడా నీకు వినపడలేదు."

వదిన నవ్వింది. అది నవ్వు కాదని చూసేవాళ్ళెవరికైనా తెలుస్తుంది. "నా చెవులు నీకు పరీక్షకి దొరికాయా? మొగుడు వెన్నుపోటు పొడిచాడని అడగడానికొస్తే చెవుడని తేల్చి పంపిస్తున్నావు. బాగుంది."

ఆయన బాస్ ని గోడకి ఆనించి, నెమ్మదిగా ఆవిడ వెనక నుంచి ఎడమ వైపుకి వచ్చి నిలబడ్డాడు. కాసేపటికి మళ్ళీ ఎదురుగా వచ్చాడు.

"ఇప్పుడు నేనేమన్నాను?"

"ఏమీ అనలేదు."

"అన్నాను."

"అబద్ధాలాడకు."

"నీ పేరు పెట్టి పిలిచాను. రెండుసార్లు."

వదిన ఎడమ చెవి మీద అరచెయ్యి పెట్టుకుంది. ఎడమ దవడ కింద వయొలిన్ పెట్టుకుని, అది వాయించే ప్రతి స్వరాన్నీ ఎడమ చెవిలోకే పోసుకుంటూ బతికిన మనిషి. ఆ చెవి ఎప్పుడు తలుపు వేసుకుందో ఆవిడకి తెలియలేదు. తెలియకపోవడం ఎలా కుదురుతుందని మీరు అడగవచ్చు. తెలుసుకోకూడదని పంతం పట్టినవాళ్ళకి అన్నీ కుదురుతాయి.

"ఎప్పటి నుంచి?" అంది.

"పోయిన చలికాలం ముందు నుంచి. మంచంలో నేను పక్క మారాను చూడు. ఫ్యాను గాలి తగలడం లేదన్నాను. గాలి బాగానే తగిలేది. ఆ పక్క పడుకుంటే నేను చెప్పేది నీకు వినపడేది కాదు."

"మరి నోరు తెరిచి చెప్పొచ్చుగా."

"చెవి చూపించుకుందామన్నాను. జలుబు చేసిందన్నావు. వేసవిలో మళ్ళీ అన్నాను. ఎండాకాలం జలుబన్నావు."

వదిన ఎదురు తిరిగింది.

"సరే, చెవి పోయింది. పోయాక కూడా ఏడాది వాయించానుగా. ఏ కచేరీ ఆగింది? ఏ స్వరం తప్పింది? పోయిన సీజనంతా పేపర్లలో ఏం రాశారు? కండక్టర్ లేకుండా ఒకే ఊపిరితో మొదలుపెడతారు, అది చూసి తీరాలి అని రాయలేదా? ఆ ఊపిరి ఎవరిది? నేను ఊపిరి తీస్తే, కమాను ఎత్తితే అందరూ ఎత్తారు. కుడిచెవి ఒక్కదాంతో నేను నడిపాను మీ అందరినీ."

స్తంభం మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేదో. తక్కువ మాట్లాడేవాళ్ళతో వచ్చే చిక్కే ఇది, ఎక్కడ ఆగాలో వాళ్ళకి అభ్యాసం ఉండదు.

"నేను నీ వెనక నిలబడతాను కదా," అన్నాడు. "నువ్వు నన్ను చూడలేవు. మిగతా అందరికీ నేను కనపడతాను."

"అయితే?"

"నువ్వు ఊపిరి తీసుకుని కమాను ఎత్తేటప్పుడు, నీ భుజం మీదుగా వాళ్ళు నన్ను చూస్తారు. నేను తల ఊపుతాను. అప్పుడు మొదలుపెడతారు."

వదిన చెవి మీది చెయ్యి తీసేసింది.

"ఒక్కసారా?" అంది వదిన.

"లేదు."

"కొన్నిసార్లా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"సీజనంతానా?" "నేనెత్తిన ప్రతి కమానూ ఉత్తుత్తిదేనా? అంతమంది ముందు కూర్చుని, ఎవరినీ నడపకుండా, నడుపుతున్నట్టు ఊగానా?"

"నువ్వు బాగానే వాయించావు. మొదలుపెట్టడం, గాలి వాయిద్యాల వాళ్ళతో కలవడం, అక్కడ మాత్రమే కొంచెం వెనకపడేదానివి. మొదట్లో ఒకరిద్దరు కంగారుపడి నావైపు చూశారు. నేను తల ఊపాను. తరవాత అందరూ చూడటం మొదలుపెట్టారు. ఎవరూ అనుకుని చేసింది కాదు."

"కిటికీ తెరవాలన్నా ఓటు వేస్తాం మనం," అంది వదిన. "కాఫీలో చక్కెర తగ్గించడానికి ఒక పూటంతా పోట్లాడుకుని ఓటు వేశాం. దీనికొక్కదానికే మీకు ఓటు అక్కర్లేకపోయిందా?"

"దేనికని వెయ్యమంటావు? నిన్ను కూర్చోబెట్టి, ఈవిడకి వినపడటం లేదు, చేతులెత్తండి అనమంటావా?"

"అవును. అనాలి. అందుకే కదా ఆ పుల్ల ఊపేవాణ్ణి వదిలేసి వచ్చాం. వాడు మొహం మీద తిట్టేవాడు. మీరు చాటున జాలి పడ్డారు. నాకు వాడే నయం."

ఆ మాట స్తంభానికి గట్టిగా తగిలింది. ఆయన గుడ్డని మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు.

"ఈసారి దాచడం కుదరదు," అన్నాడు చివరికి. "మహారాణి ఏం అడిగిందో విన్నావుగా."

మహారాణి అంటే వచ్చే సీజన్‌కి వీళ్ళతో కలిసి పనిచెయ్యబోతున్న నాట్య దర్శకురాలు. పేరు పెట్టింది మరిదే. ఆవిడకి వాద్యకారులు ఒక మూల కూర్చుని వాయించడం నచ్చదట. అందరూ స్టేజంతా చెల్లాచెదురుగా కూర్చోవాలి, వాళ్ళ మధ్య నుంచి నాట్యం సాగాలి. చెల్లోలు అటు చివర, గాలి వాయిద్యాలు ఇటు చివర, డబుల్ బాస్ అన్నిటికన్నా వెనక, చీకట్లో. మొదటి వయొలిన్ ఒక్కటే నడిమధ్యన, దీపం కింద.

"నేను ఎవరికీ కనపడను," అన్నాడు స్తంభం. "అందరూ నిన్నే చూడాలి. నువ్వేమో చుట్టూ అన్నీ వినాలి. దీపం కింద, నిండు సభలో, నువ్వొక దారి వాళ్ళొక దారి అయితే? ఆ రోజు నీ మొహం నేను చూడలేను. అందుకే ఎత్తాను చెయ్యి. నీ పరువు కోసం."

"నా పరువు నీ చేతికెవరిచ్చారు?"

"మొగుణ్ణి కదా."

"ఆ గదిలో నువ్వు మొగుడివి కాదు, బాస్ వాయించేవాడివి. నేను పెళ్ళాన్ని కాదు, మొదటి కుర్చీని. ఇంట్లో మంచం పక్క మారావు, సరే, అది నీ మంచం కూడా. నా కమాను ఎందుకు లాక్కున్నావు? అడగకుండా తీసుకుని, తిరిగి నా చేతిలోనే పెట్టి ఊపించావు. ఇన్నాళ్ళూ కచేరీ అయ్యాక ఇంటికొచ్చి, బాగా నడిపావు అని నాతో అన్నావు. ప్రతిసారీ అన్నావు. అనేటప్పుడు నీకెలా ఉండేది?"

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. "నరకంగా ఉండేది," అన్నాడు.

అది నిజమేనని ఆవిడకి తెలుసు. నిజమైనందుకే ఇంకా అసహ్యం వేసింది. తను సంతోషంగా అన్నం తిన్న ప్రతి రాత్రీ ఎదురుగా ఒక మనిషి నరకం మింగుతూ కూర్చున్నాడు. ఆ సంతోషాలన్నీ ఇప్పుడు వరసపెట్టి గుర్తొచ్చాయి, ఒక్కటీ తనది కాదనిపించింది.

"నేను నమ్మను," అంది.

"ఏది?"

"నువ్వు తల ఊపితేనే మొదలయ్యేదని. నీకు ఎప్పుడూ వెనక నిలబడటమే. ఒక్కసారి నడిపేవాడివి కావాలని నీకు మాత్రం ఉండదా? రా."

"ఎక్కడికి?"

"తలుపు దాకా. లోపలికి కాదు."

హాల్లో అందరూ కుర్చీలు మళ్ళీ వరసల్లోకి సర్దుకుంటున్నారు. ఓటయ్యాక తాగాల్సిన కాఫీ ఈసారి ఎవరూ తాగినట్టు లేదు. శిష్యురాలు తన పాత కుర్చీలోనే, మొదటి కుర్చీకి ఎడమ పక్కన, తల వంచుకుని కూర్చుంది. గెలిచినా పక్క కుర్చీలోకి జరగడానికి ఆ పిల్లకి కాళ్ళు రాలేదు. వదిన నేరుగా హాలు మధ్యకి వచ్చి నిలబడింది.

"ఓటప్పుడు నేను కళ్ళు తెరిచాను," అంది.

కుర్చీలు జరిపే చప్పుడు ఆగిపోయింది. బసూన్ ఊదే పెద్దాయన, బృందంలో అందరికన్నా వయసులో పెద్దవాడు, కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. "అమ్మా, ఆ మాట నేను వినలేదనుకుంటాను," అన్నాడు.

"వినండి. వినగలిగినవాళ్ళు వినాలి."

"వదినా, కూర్చో," అన్నాడు మరిది. "రేపు మాట్లాడుకుందాం."

"నియమం నేను పెట్టిందే. ఓటు చెల్లదు, నేను బయటికి పోవాలి. పోతాను. కానీ పోయేముందు ఒక్కసారి నాతో మొదలుపెట్టండి. ఆయన తలుపు బయట ఉంటాడు. నేను ఊపిరి తీస్తాను, కమాను ఎత్తుతాను. మీరు కలవలేకపోతే నా వయొలిన్ పెట్టె తీసుకుని ఇలాగే వెళ్ళిపోతాను, మీలో ఎవరి గడపా తొక్కను. కలిస్తే మాత్రం ఆ ఓటు మళ్ళీ జరగాలి, ఈసారి అందరి కళ్ళూ తెరిచి."

ఆయన తలుపు బయట ఉంటాడన్న మాటకి హాల్లో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. దాచిన సంగతి ఆవిడకి తెలిసిపోయిందని అప్పుడు అర్థమైంది వాళ్ళకి. ఓబో ఆవిడ ఏడుపు మొహం పెట్టింది. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"దీనికి అందరి అభిప్రాయం తీసుకోవాలేమో," అన్నాడు.

"అక్కర్లేదు. అడగకుండా చెయ్యడం మీకు బాగానే అలవాటైంది."

స్తంభం హాల్లోకి ఒకసారి చూసి, బయట నిలబడి తనే తలుపు వేసుకున్నాడు. వదిన మొదటి కుర్చీలో కూర్చుంది. పోయిన సీజన్ అంతా ముందుగా వాయించిన నెమ్మదైన ముక్కే అడిగింది. గాలి కదిలినంత మెల్లగా, అందరూ ఒక్కసారిగా మొదలుపెట్టాల్సిన ముక్క అది. ఒక్కరు తొందరపడ్డా, ఒక్కరు వెనకపడ్డా చిరిగిపోతుంది.

ఆవిడ వయొలిన్ దవడ కింద పెట్టుకుంది. వాయించేటప్పుడు కళ్ళు మూసుకోవడం ఆవిడ అలవాటు, మూసుకుంది. ఊపిరి తీసింది. కమాను ఎత్తింది.

అందరూ కలిశారు.

ఎక్కడా అతుకు కనపడకుండా, ఒక్క తీగ మోగినట్టు మొదలైంది. అబద్ధం, ఆయన చెప్పిందంతా అబద్ధం అనుకుంది వదిన. కమాను ఆవిడ చేతిలో తేలికైపోయింది. మూసిన కళ్ళ నుంచి నీళ్ళు చెంపల మీదికి, అక్కణ్ణుంచి వయొలిన్ మీదికి జారాయి. ఇన్నాళ్ళలో ఎప్పుడూ అంత బాగా వాయించలేదు.

కళ్ళు మూసుకుంది కాబట్టి ఆవిడ చూడలేదు. మనకి చూడక తప్పదు. హాల్లో ఒక్కరి చూపూ ఆవిడ మీద లేదు. అందరి కళ్ళూ ఆవిడకి జానెడు ఎడమగా, శిష్యురాలి భుజం మీద ఉన్నాయి. అందరూ ఆ భుజం కదిలినప్పుడే కదిలారు.

శిష్యురాలికి మాత్రం ఆ చూపుల బరువు భరించడం చేతకాలేదు. కమాను కదుపుతూనే, తల కొంచెం పక్కకి తిప్పి, వదిన ఎడమ చెవి దగ్గరగా అంది.

"మనల్ని స్టేజంతా చెదరగొట్టమని మహారాణికి చెప్పింది అన్నయ్యే వదినా. ఆవిడ ముందు అలా అడగలేదు. అన్నయ్య చెబుతుంటే నేను పక్కనే ఉన్నాను."

గొంతు తగ్గించే అంది. కానీ వాయిస్తున్నది గాలంత మెల్లగా సాగే ముక్క, వింటున్నది చెవులతో బతికే మనుషులు. ముందు వయోలా ఆగింది. తరవాత ఓబో ఆగింది, చెల్లోలు ఆగాయి, పెద్దాయన బసూన్ ఒడిలోకి దించుకున్నాడు. అందరి చూపులూ మూసిన తలుపు వైపు తిరిగాయి. శిష్యురాలి కమాను తీగ మీదే నిలిచిపోయింది. వదిన వయొలిన్ ఒక్కటే ఇంకా కాసేపు మోగి, ఒంటరినైపోయానని తెలిసి ఆగింది.

ఆవిడ కళ్ళు తెరిచింది. చెంపలు తుడుచుకుని, చుట్టూ చూసి, చాలా రోజుల తరవాత మనస్ఫూర్తిగా నవ్వింది.

"ఎందుకాపారు?" అంది. "బాగానే మొదలైందిగా."